నాకు రాని పొక్కులు

మొహం నిండా పొక్కులున్న మనిషిని చూసి ఎవరైనా కుళ్ళుకుంటారా? నేను కుళ్ళుకున్నాను. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు. ఏడాదిన్నర పాటు, పదిహేను రోజులకొకసారి, రైల్లో ఆమె ఎదురుగా కూర్చుని, ఆ పొక్కులు నా మొహం మీద ఎందుకు లేవా అని కుళ్ళుకున్నాను.

ఆమె పోయిందని గుంటూరు ఆసుపత్రిలో నర్సు చెప్పింది. రక్తం తీయడానికి నా చెయ్యి పట్టుకుని, "మీ జంటామె పోయిందంట కదండీ, మీకు తెలీదా?" అంది. అయ్యో అని నోటితో అన్నాను. మనసు మాత్రం అంతకంటే ముందే "నాకంటే ముందా!" అనుకుంది. అందులో దుఃఖం లేకపోలేదు. కానీ సిగ్గు విడిచి చెబుతున్నాను, గెలిచానన్న సంబరం కూడా రవ్వంత ఉంది. ఇట్లాంటి మనిషిని నేను.

చిన్నప్పటి నుంచీ అంతే. చెల్లెలికి కుట్టించిన పరికిణీ, పక్కింటావిడ వండిన వంకాయ కూర, తోటి టీచరుకు నాకంటే ఆరు నెలలు ముందొచ్చిన ప్రమోషను, అన్నీ చూసి కడుపుమంటే. "నీకు అజీర్తి చేసేది నీ విస్తట్లోది కాదు, ఎదుటివాళ్ళ విస్తట్లోది" అని మా ఆయన నవ్వుతాడు. అయితే రోగంలో కూడా ఒకరిని చూసి ఇంకొకరు ఏడవొచ్చని ఆమె తగిలేదాకా నాకు తెలియదు.

మా ఇల్లు మార్కాపురంలో. ఇరవై ఎనిమిదేళ్ళు హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెప్పాను. అందులో ఆరేళ్ళు అర్ధవీడులో. రిటైరై ఏడాది తిరగకముందే పెద్దపేగులో క్యాన్సరని తేలింది. తేలేటప్పటికే కాలేయానికి పాకింది. ఆమెదీ అదే రోగం, అదే దశ. అర్ధవీడు పక్కన ఒక పల్లె. జీవాలు మేపుకునే ఇల్లు. ఆమె పేరు రాయను. రాస్తే మంద వెంట ఆమెను చూసిన వాళ్ళందరికీ తెలిసిపోతుంది, ఆమెతో పాటు నేనూ తెలిసిపోతాను.

ఆమెను మొదట గొంతుతోనే ఎరిగాను. ఆసుపత్రిలో మందు ఎక్కించే హాల్లో పాతిక కుర్చీలుంటాయి. అందరం గుసగుసగా మాట్లాడుకుంటాం. సీసా అయిపోతే పక్కనున్న మీట నొక్కితే నర్సు వస్తుంది. ఆమె మీట నొక్కేది కాదు. నాలుక మడిచి, దారి తప్పిన మేకను పిలిచినట్టు "ట్ర్ర్ర్... హేయ్!" అనేది. హాలంతా ఉలిక్కిపడేది. నర్సులు మొదట తిట్టారు, తర్వాత నవ్వారు, ఆ తర్వాత ఆ కూత వింటే చాలు, పరుగెత్తుకొచ్చేవాళ్ళు. నేను మర్యాదగా మీట నొక్కి పావుగంట ఎదురుచూసేదాన్ని. మొదటి మంట అక్కడ మొదలైంది.

అసలు మంట మాత్రం రిపోర్టుల రోజున. మా ఇద్దరిదీ ఒకే దిక్కని నర్సు మమ్మల్ని ఒకేసారి డాక్టరు గదిలోకి పంపింది. ఆయన ముందు రెండు కవర్లు. కుర్రాడే, ఓపికగా చెప్పాడు. "మీ గడ్డల్లోంచి తీసిన ముక్కల్ని పరీక్షకు పంపాం. అందులో ఒక రకం జన్యువు మారిందా లేదా అని చూస్తారు. మారకపోతే మామూలు కీమోతో పాటు టార్గెట్ మందు కూడా కలిపి ఇస్తాం. మారితే ఆ మందు ఇచ్చినా ఉపయోగం ఉండదు." ఆమె కవరు విప్పాడు. మారలేదు. నాది విప్పాడు. మారింది.

"ఇంకో రకం టార్గెట్ మందు ఉంది కానీ, పోయినేడు మీకు మూతి వంకరపోయి సర్దుకుందన్నారు కదా మేడం, చిన్న పక్షవాతం లాంటిది. అందుకని అది కూడా వద్దు. మీకు కీమో ఒక్కటే. అది కూడా మంచి మందే" అన్నాడు.

ఉత్పరివర్తనం అని ఏటా బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి, పిల్లల చేత పలికించిన దాన్ని నేను. అది నా కడుపులోనే కూర్చుని ఉంది. ఎదురు కుర్చీలో గొర్రెలు కాసే మనిషి కడుపులో లేదు. న్యాయమా ఇది అనిపించింది. ఏ న్యాయాధికారికి అర్జీ పెట్టాలో తెలియలేదు.

బయటికొచ్చాక ఆమె నా కొంగు పట్టుకుంది. "అక్కా, నువ్వు సదువుకున్నదానివి. ఏంది ఆ మారడం, మారకపోవడం? నాకు అర్థమయ్యేటట్టు చెప్పు."

పది నిమిషాలు చెప్పాను. కణం, దాని గోడ మీద సంకేతాన్ని అందుకునే గ్రాహకం, లోపలికి పోయే కబురు, అన్నీ పాఠం చెప్పినట్టు చెప్పాను. నోరు తెరుచుకుని విన్నది. విని, "ఓ, అంతేనా!" అంది. "కీమో అంటే కుక్కల్ని వదిలినట్టు. నక్కనూ కరుస్తాయి, అడ్డమొచ్చిన గొర్రెనూ కరుస్తాయి. ఈ కొత్త మందు నక్క దూరే కంతకు ముళ్ళకంప కొట్టినట్టు. రెండూ కలిస్తే నక్కకు దోవ దొరకదు."

"మరి నాకెందుకు ఇవ్వరు?" అన్నాను. పరీక్ష పెట్టినట్టే అడిగాను.

"నీ నక్క దొడ్డి లోపలే కాపరం పెట్టిందంట గదక్కా. బయట కంత మూస్తే ఏం లాభం?"

అక్షరం పొల్లు పోలేదు. నా ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఏ పాఠాన్నీ ఇంత తేటగా చెప్పలేదని ఆ వరండాలో నిలబడి ఒప్పుకోవాల్సి వచ్చింది. ఒప్పుకున్నాను, పళ్ళు నూరుకుంటూ.

అప్పటి నుంచి మా ప్రయాణాలు కలిశాయి. ఆమె కంభంలో రైలెక్కేది. వాళ్ళాయన ఎక్కించి, మందను వదిలి రాలేక వెనక్కి పోయేవాడు. నేను మార్కాపురం రోడ్డులో ఎక్కేసరికి కిటికీ పక్కన తువ్వాలు పరిచి నాకు సీటు పెట్టి ఉంచేది. మొదట రెండుసార్లు మా ఆయన వచ్చాడు. తర్వాత మోకాళ్ళ నొప్పులని ఆగిపోయాడు. "నేనుండా గదా బావా, మా అక్కను అప్పజెప్పు" అని ఆమే ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టింది. అడక్కుండా అక్కనయ్యాను, ఆయన బావయ్యాడు.

కీమోలో ఒక మందు వల్ల చల్లటిది ముట్టుకుంటే వేళ్ళకు కరెంటు కొట్టినట్టుంటుంది. నేను జాగ్రత్తగా ఉండేదాన్ని. ఆమె మరిచిపోయి రైలు కిటికీ ఊచ పట్టుకుని "అమ్మో!" అని చెయ్యి లాక్కునేది. అయిదు నిమిషాలకు మళ్ళీ పట్టుకునేది. చివరికి వాళ్ళాయన సాక్సులు తెచ్చి చేతులకు తొడుక్కుంది. ఆ సాక్సుల చేతులతోనే మాట్లాడేది, ఆ సాక్సుల చేతులతోనే శనగలు తినేది. తిరుగు ప్రయాణంలో మా ఇద్దరి మెడల్లోనూ గుడ్డసంచులుండేవి. అందులో రెండు రోజుల పాటు బొట్టుబొట్టుగా మందెక్కే చిన్న సీసా. నేను దాని మీద కొంగు కప్పుకునేదాన్ని. ఆమె పైకి తీసి పక్క సీట్ల వాళ్ళకు చూపించేది. "ఇది నా తల్లిమేక. గుంటూరు నుంచి ఇంటిదాకా పాలిస్తానే వస్తది."

హాల్లో ఆమె స్టాండుకు నాకంటే ఒక సీసా ఎక్కువ వేలాడేది. అది పెద్ద సీసా కూడా కాదు. ఆసుపత్రి వాళ్ళు ఎవరో దాతల ద్వారా ఇప్పించారు. అది అయిపోయేదాకా నా కళ్ళు దాని మీదే. ఆమె నిద్రపోయేది. బొట్లు నేను చూసేదాన్ని.

రెండో విడత తర్వాత పొక్కులు వచ్చాయి. రైల్లో నా స్టీలు టిఫిను డబ్బా మూత తీసుకుని, దాన్నే అద్దం చేసుకుని, బుగ్గ అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ముక్కు పక్కన నాలుగు, గడ్డం మీద మూడు. "మొలకలొచ్చినాయి అక్కా!" అంది. విత్తనం వేసిన రైతు చేలోకి పోయి చూసినట్టే ఉంది వాలకం. డాక్టరు కూడా చూసి సంబరపడ్డాడు. "వచ్చాయే! ఈ మందుకు పొక్కులు బాగా వస్తే మందు పట్టుకుంటోందని మాకొక గుర్తు. భయపడకు. ఎండలో తిరక్కు, ఈ పూత రాయి, ఈ మాత్రలు మానకు. ఎట్టి పరిస్థితుల్లోనూ మందు ఆపకు." ఈ మాటలన్నీ పక్క కుర్చీలో కూర్చుని నా చెవులతో నేను విన్నాను. ఇది గుర్తుపెట్టుకోండి.

ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడ్డాను. నున్నటి మొహం. అరవై ఏళ్ళ మొహానికి అంత నునుపెందుకు? నాకు ఆ మందే ఇవ్వలేదు, పొక్కులెట్లా వస్తాయి? ఆ మాత్రం సైన్సు నాకు తెలియదా? తెలుసు. అయినా రోజూ చూసుకునేదాన్ని. ఒక రోజు గడ్డం కింద ఎర్రగా ఒకటి లేచింది. గుండె దడదడలాడింది. నలుపుకోకుండా, సబ్బు తగలకుండా కాపాడి పదిహేనో రోజు డాక్టరుకు చూపించాను. ఆయన బ్యాటరీ లైటు వేసి చూసి, "చెమటకాయ మేడం, పౌడరు వేసుకోండి" అన్నాడు. పక్కన ఆమె కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుకు ఆమెను చంపేయాలనిపించింది.

ఆమెకు పొక్కులు నుదుటి దాకా, మెడ దాకా పాకాయి. రైల్లో జనం పక్కకు జరిగేవాళ్ళు. ఆమెకు అదీ సంతోషమే. "సీటంతా ఖాళీ చేసినారు, కాళ్ళు చాపుకో అక్కా" అనేది. ఒకసారి దొనకొండలో ఎక్కిన ఒక ముసలామె, ఈమె మొహం చూసి గబుక్కున చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించి "తల్లీ, సల్లంగా చూడు" అంది. అమ్మవారు పోసిందనుకుంది. మా వైపు ఒంటి మీద పొక్కులు లేస్తే అది రోగం కాదు, అమ్మవారు ఒంటి మీదికి రావడం. ఆ మనిషికి దణ్ణం పెడతారు. ఈ మహాతల్లి ఏ మాత్రం తొణక్కుండా సాక్సు చెయ్యి ఎత్తి, "సల్లంగుండు. ఆ చేతి సంచిలో ఏముండాయి?" అంది. సంచిలో జామకాయలున్నాయి. రెండు ఇచ్చింది ముసలామె. ఒకటి నాకు పెట్టింది.

ఇంకో సంగతి. ఒక రోజు కురిచేడు దాటుతుండగా నా మొహం వైపే చూస్తూ, "నిన్ను చూస్తే నాకు కుళ్ళు అక్కా" అంది. నేను అదిరిపడ్డాను. "నువ్వు పెండ్లికి పోతావు, పేరంటానికి పోతావు, ఎవరూ వింతగా చూడరు. నేను బడి ముందర నుంచి పోతే పిల్లోళ్ళు జడుసుకుంటా ఉండారు." అనేసి, శనగల పొట్లం విప్పి నా ఒళ్ళో పోసింది. ఆమెకు కుళ్ళు నోట్లోంచి బయటికొచ్చి గాలికి పోయేది. నాకూ నీ మీద కుళ్ళే అని ఆ క్షణాన నేనూ అనేసి ఉంటే బాగుండేది. టీచర్ని గదా, ఎట్లా అంటాను? "పిచ్చిదానా, మొహానిదేముంది" అన్నాను.

ఉగాది వెళ్ళిన వారానికి నాకు స్కాను తీశారు. కాలేయంలో మచ్చలు తగ్గలేదు, పెరగలేదు. "ఇదీ మంచిదే మేడం" అన్నాడు డాక్టరు. నాకు అన్నీ ఇదీ మంచిదే రకాలే. మర్నాడు పొద్దున ఆమె ఫోను చేసింది. ఆ మరుసటి రోజే ఆమె ఆరో విడతకు పోవాలి.

"అక్కా, మొహమంతా పూసింది. మా అత్త సూసి అమ్మోరని కూచునింది. గడపకు ఏపాకు కట్టింది. నన్ను ఏపాకు పరిచి పడుకోబెట్టినారు. మాత్రలు దాచిపెట్టింది. మందు తగిలితే అమ్మోరికి కోపమంట. నీళ్ళు పోసేదాకా గడప దాటకూడదంట. మొదట్నుంచి చెప్తానే ఉండా, ఇవి మందు పొక్కులని. ఇనదు. డాక్టరు ఫోను తీయల్యా."

"ఊఁ" అన్నాను.

"నువ్వంటే మా అత్తకు గురి అక్కా. మా మరిదికి సైన్సు చెప్పినావు గదా అర్ధవీడు బళ్ళో. టీచరమ్మ చెప్తే ఇంటా అంటా ఉంది. ఫోనిస్తా, ఒక్క మాట చెప్పు. మందు పొక్కులేనని ఒక్క మాట."

ఒక్క మాట. నాకు ఖర్చయ్యేది ఏమీ లేదు. డాక్టరు ఆ మాట అన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. శాస్త్రం తెలుసు. ఆ ముసలామె అమాయకపు మొండితనమూ తెలుసు. నిన్నటి స్కాను కవరు బల్ల మీద ఉంది. ఆమెకు మొహమంతా పూసిందట. నా నోట్లోంచి ఏ మాట వచ్చిందో యథాతథంగా రాస్తున్నాను.

"నాకు రాలేదుగా. నాకేం తెలుసు? మీ పెద్దవాళ్ళు చెప్పినట్టు చెయ్యండి."

అవతల ఆమె వెనక నుంచి ముసలి గొంతు, "ఏమంటా ఉంది టీచరమ్మ?" అని అడగడం వినపడింది. నేను ఫోను పెట్టేసి వంటింట్లోకి పోయి పప్పు కడిగాను.

ఆమె విడతా నా విడతా ఒకే రోజు. ఆ రోజు రైల్లో తువ్వాలు పరిచిన సీటు లేదు. నిలబడే పోయాను కాసేపు. దొనకొండ దాకా నా మనసుకు హాయిగానే ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి? ఎదురుగా ఆ మొహం లేదు, ఆ మొలకల లెక్క లేదు. కురిచేడులో రైలు ఆగినప్పుడు అలవాటు కొద్దీ రెండు శనగల పొట్లాలు కొన్నాను. హాల్లో నర్సు "మీ జంటామె రాలేదేంటండీ?" అంటే, "తెలియదు" అన్నాను. నాకు మూడు సీసాలు ఎక్కుతున్నంతసేపూ పక్క స్టాండు ఖాళీగా ఉంది. డాక్టర్ని ఊరికే అడిగినట్టు అడిగాను, ఒక విడత తప్పితే ఏమవుతుందని. "ఒక్కటి తప్పితే కొంప మునగదు, వరసగా తప్పితేనే చిక్కు" అన్నాడు. ఇంటికి పోయాక ఫోను చేసి ఆ అత్తతో మాట్లాడదామనుకున్నాను. రేపు చేద్దాం, రేపు చేద్దాం అని పదిహేను రోజులూ గడిపేశాను.

తర్వాతి విడతకు మార్కాపురం రోడ్డులో రైలెక్కితే, తువ్వాలు పరిచి ఉంది. మొహానికి పసుపు, పొక్కులు అట్లాగే ఉన్నాయి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది.

"ఎట్లా పంపించింది మీ అత్త?" అన్నాను.

"అమ్మోరు సెలవిచ్చిందిలే అక్కా. మూడుసార్లు నీళ్ళు పోసినా దిగకపోతే అమ్మోరికే ఇసుగొచ్చింది" అని జామకాయ కోసి ఇచ్చింది. ఫోను సంగతి ఎత్తలేదు. ఆ రోజే కాదు, ఇంకెప్పుడూ ఎత్తలేదు. నేను ఎదురుచూసేదాన్ని. ఒక్కసారి తిడితే బాగుండును, నేనూ రెండు మాటలని ఏడ్చి బయటపడుదును. ఆమె తిట్టలేదు. తిట్టకుండా ఇంత పెద్ద మనిషి ఎట్లా అయిందని దానికీ మండింది నాకు.

వానాకాలంలో ఆమె స్కాను వచ్చింది. కాలేయంలో మచ్చలు సగానికి సగం తగ్గిపోయాయి. ఒకటి కనపడకుండా పోయింది. డాక్టరు తెర మీద ముందుదీ ఇప్పటిదీ పక్కపక్కన పెట్టి చూపించాడు. ఆమె తనది చూసుకుని, "మా అక్కది గూడ చూపియ్యి నాయనా" అంది. "ఆవిడది అట్లాగే నిలకడగా ఉందమ్మా" అన్నాడు. వారం తర్వాత మా ఇంటికి జున్ను తెచ్చింది. ముంగిట్లో పలకరాళ్ళు పరిచిన చోట గొంతుక్కూర్చుని, గిన్నె మా ఆయన చేతికిచ్చి, "బావా, మా అక్కకు ముందు పెట్టు" అంది. మిరియాలు, బెల్లం వేసి వండింది. వాసన ఇల్లంతా. కీమో నోటికి ఏదీ రుచించదు, తర్వాత తింటానన్నాను. తినలేదు. మా ఆయనే తిన్నాడు.

అట్లా ఏడాది నడిచింది. ఆ తర్వాత ఒక స్కానులో ఆమెకు కొత్త మచ్చలు కనిపించాయి. ఆ కొత్త మందు ఇక పని చేయడం లేదని ఆపేశారు. రెండు నెలల్లో మొహం మీద పొక్కులు రాలిపోయాయి. ఆఖరుసారి రైల్లో టిఫిను మూత అడిగి చూసుకుంది.

"ఎట్ల నున్నగా అయిందో సూడక్కా. పెండ్లినాడు గూడ ఇంత నున్నగా ల్యా."

"బాగుంది" అన్నాను.

"ఏం బాగు? మొలకంతా ఎండిపాయె" అంది. మూత కొంగుతో తుడిచి నా డబ్బాకు పెట్టి ఇచ్చింది. నేను అంత కాలం కోరుకున్నదే జరిగింది. ఇప్పుడు ఇద్దరి మొహాలూ ఒకటే. ఆమె వినుకొండ దాకా కిటికీలోంచి బయటికే చూసింది. ఎక్కడో చేలల్లో మంద కనపడితే మాత్రం "ట్ర్ర్ర్" అంది, చిన్నగా. తర్వాత ఆమె గుంటూరు రావడం మానేసింది. నాకు మాత్రం ఆ పాత మందే, మాత్రల రూపంలో, ఇప్పటికీ సాగుతోంది. మచ్చలు తగ్గవు, పెరగవు. "ఎవరి ఒళ్ళు ఎట్లా తీసుకుంటుందో చెప్పలేం మేడం" అంటాడు డాక్టరు.

నర్సు చెప్పాక పది రోజులు ఆగి, బస్సెక్కి అర్ధవీడు పోయి, అక్కడ ఆటో మాట్లాడుకుని ఆ పల్లెకు పోయాను. ఎందుకు పోయానంటే చెప్పలేను. మధ్యాహ్నం. మంద మేతకు పోయింది, మగవాళ్ళు మందతో పోయారు. అత్త ఒక్కతే మంచం మీద కూర్చుని ఉంది. నేను ఫలానా అని చెప్పగానే గబగబా లేచి, వద్దంటున్నా వంగి, నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"నీకు దండం పెట్టాల టీచరమ్మా."

"నాకెందుకమ్మా?" అన్నాను.

"ఎందుకేంది? నేను పాపిష్టిదాన్ని, అమ్మోరనుకోని మందు ఆపించినా గదా. నువ్వు చెప్పబట్టి గదా దాన్ని మళ్ళా పంపించినా. అది నీకు ఫోను చేసినప్పుడు నేను పక్కనే ఉండా. నేను ఏమంటా ఉంది అని అడిగితే, ఊరుకోమని చెయ్యి అడ్డం పెట్టింది. 'ఆఁ అక్కా... ఆఁ... మందు పొక్కులేనంటావా... డాక్టరు నీ ముందరే చెప్పినాడా... పొక్కులొస్తే మందు పట్టినట్టా... సరే అక్కా, మా అత్తకు చెప్తా. నువ్వు పైలం అక్కా, టయానికి తిను' అని ఎంతసేపు మాట్లాడిందో. నీకు ఒంట్లో బాగలేకున్నా అంతసేపు చెప్పితివి తల్లీ. నీళ్ళు పోయకుండా పంపకూడదని ఆ ఒక్కతూరికి నేనే నిలబెట్టినా. ఆ తర్వాత టీచరమ్మ మాటని, ఒక్కనాడు గూడ అడ్డం చెప్పల్యా. ఇంకో ఏడాది నా కోడలు నా కళ్ళ ముందర తిరిగింది, నీ పున్యాన."

ఆమె అంతసేపు మాట్లాడుతున్నప్పుడు నేను వంటింట్లో పప్పు కడుగుతున్నాను. చెవి దగ్గర పెట్టుకున్న ఆ ఫోనులో ఎవరూ లేరు. లేని నన్ను ఒకదాన్ని తయారు చేసి, అత్త ముందు కూర్చోబెట్టి, నేను చెప్పాల్సిన మాటలన్నీ చెప్పించుకుంది. టయానికి తినమని దాని క్షేమం కూడా అడిగింది. ఆ మంచి టీచరమ్మ మీద నాకు పుట్టిన అసూయ, ఇన్నాళ్ళూ పొక్కుల మీద కూడా పుట్టలేదు.

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. నేను చెప్పలేదమ్మా, ఫోను పెట్టేశాను అని. ముసలామె నా చేతులు ఇంకా వదల్లేదు. కోడలు తనకు అబద్ధం చెప్పిందని ఇప్పుడు ఈమెకు చెప్పి నేనేం చేసుకోను? చెప్పకపోతే ఈ దండం ఎక్కడ పెట్టుకోను? రెండింటి మధ్యా నాకు దొరికింది, ఆ రోజు నన్నడిగిన ఆ ఒక్క మాటే.

"అవి మందు పొక్కులేనమ్మా" అన్నాను.

"తెలుసులే టీచరమ్మా" అంది, నా చెయ్యి నిమురుతూ. "నువ్వు అప్పుడే చెప్పినావు గదా."